నలభై ఒక్క సెకండ్ల దావ

గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
తవణంపల్లె రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు.
ముందుదాని తోక పట్టుకొని వెనకది,
రెండు రాత్రులుగా చక్రం తిరిగింది తక్కువ.
తోతాపురి కాయ పట్ట కింద చెమట పట్టి
ట్రాలీల్లోనే మాగతా ఉండాది.

నాది వేబ్రిడ్జి గదిలో రాత్రి డ్యూటీ.
బండి ఎక్కితే బరువు రాస్తా, దిగితే చీటీ ఇస్తా.
ఎక్కకపోతే
లాప్‌టాప్ మూత తీసి రోడ్లు వేస్తా.

అవును, రోడ్లే.
ఆ ఆటలో ఎవురి దావ వాళ్లు కట్టుకోవచ్చు.
టెండరు లేదు, కంకర లేదు, కాంట్రాక్టరు లేడు.
పోయిన వేసవిలో మా రోడ్డే కట్టినా:
కాటా కాడ మొదలు, అరగొండ మలుపు దాకా.
స్పీడ్ బ్రేకర్లు పదకొండు, లెక్క తప్పలేదు.
పంచరు షాపు, దాని ముందర వేలాడే టైర్లు,
పక్కకు ఒరిగిన మైలురాయి,
ఊరికే, అందానికి, ఒక కాలవగట్టు.

నా టైము నలభైనాలుగు పాయింట్ సున్నా తొమ్మిది.
బాణం గుర్తు అరిగిపోయిన మీటతో
మూడు నెలలు నన్ను నేనే తరుముకొన్నా.
ముందు పొయ్యే దయ్యం కారు నాదే,
దాన్ని దాటలేనోడూ నేనే.

ఒక మంగళారం తెల్లారి చూస్తే
నా పైన ఎవురిదో పేరు. పేరు కూడా కాదు,
నాలుగు అక్షరాలు, ఒక సున్నా.
యా దేశమో, ఆడ పగలో రాత్రో.
నలభై ఒకటి పాయింట్ రెండు ఒకటి ఆరు.

వెయ్యో వంతు కోసం నిద్ర చెడగొట్టుకునే ఆట ఇది.
ఇంచుమించు మూడు సెకండ్లంటే
చిత్తూరుకీ మద్రాసుకీ ఉన్నంత దూరం.

వాడి దయ్యాన్ని వదిలి వెనకాలే పోయినా.
ఐదో స్పీడ్ బ్రేకర్ దాకా నా మాదిరే.
ఆడ ఉన్నట్టుండి రోడ్డు ఇడిసిపెట్టినాడు.
పంచరు షాపు వెనక దూరి
కాలవగట్టు ఎక్కి, గాల్లో లేచి,
మైలురాయి తల మిందుగా వచ్చి దిగినాడు.

ఈ రాత్రి కిటికీ కాడ మొగిలమ్మ.
ముప్పై ఏడో నంబరు ట్రాక్టరు.
చెంబెత్తుకొని నీళ్లకొచ్చి తెర చూసి నిలబడిపోయింది.
"అది మా పంచరు షాపు కదా?"
"అవునక్కా."
"ఆ పొయ్యేటోడు ఎవురు?"
"తెలీదు. ఈడోడు కాదు."
"మరి వానికి మా దావ ఎవురు చెప్పినారు?"

రోడ్డు వెడల్పు కాకముందు
బెల్లం బండ్లు గట్టు మిందే పొయ్యేవంట.
మలుపు కాడ ఎద్దులే తిరుక్కునేవంట,
అదిలించే పనే లేదంట.
గట్టు ఎత్తు కొలిచి పెట్టినా గానీ
దాని మింద నేను ఒక్కపూటా నడిచినోణ్ణి కాదు.

"ఇట్లియ్యి" అని కూర్చుంది.
తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని ఒక్క వేలితో మీట.
దయ్యం కారు రయ్యిమని మాయమైంది,
ఆమెకు దాంతో పని లేదు.
స్పీడ్ బ్రేకరు వస్తే నిలిపి, మెల్లిగా దించింది,
వెనక ట్రాలీ నిండా కాయ ఉన్నట్టు.
ఒక నిమిషం. రెండు. రెండున్నర.
గట్టు ఎక్కి, నడిమధ్యలో ఆపి,
"ఈడ నేరేడు చెట్టు ఉండాల" అనింది.

అంతలో గేటు కాడ కేక: "ముప్పై ఏడు!"
చెంబు మరిచిపోయి పరిగెత్తింది.

గీత దాటని పరుగుకు ఈ ఆటలో దయ్యం మిగలదు.
ఎస్కేప్ నొక్కితే అంతా మొదటికొస్తుంది.

నొక్కలేదు.
ట్రాక్టరు కాటా ఎక్కింది, ఇనప పలక కిర్రుమనింది.
బండి బరువు పోగా నాలుగు వేల మూడొందల ఇరవై కిలోలు.
చీటీలో రేటు గడి ఖాళీ. అది పొద్దున చెప్తారంట.
స్టీరింగు మింద నుంచి వంగి చీటీ తీసుకొని
"నా బండి యాడుంది?" అనడిగింది మొగిలమ్మ.
"గట్టు మిందే."
"ఉండనీ."

లోపల గడియారం వెయ్యో వంతుల్లో ఉరుకుతా ఉండాది,
కారు లైట్లు నీళ్లు లేని కాలవలోకి పడతా ఉండాయి.
ఆట ఇచ్చిన చెట్లన్నీ తెరిచి చూసినా.
ఈత ఉంది, దేవదారు ఉంది, మంచు పట్టినవి ఆరు రకాలు.
నేరేడు లేదు.

ముప్పై ఎనిమిదిని పిలిచినా.